పొయ్యెక్కని మందు

మందు అన్న మాట చెవిన పడగానే మన ఇళ్ళలో ముందు వెలిగేది పొయ్యి. జలుబా, మిరియాల కషాయం. దగ్గా, తులసి కషాయం. అజీర్తా, వాము కషాయం. నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక్క గ్లాసయ్యేదాకా మరిగించి, వడకట్టి చేతికిస్తే ఇల్లాలి బాధ్యత తీరినట్టే. తాగేవాళ్ళు మొహం ఎంత వికారంగా పెడితే మందు అంత గట్టిదని మనకో నమ్మకం. "ఇంకాస్త మరగనీ, సారం దిగుతుంది" అన్న మాట వినపడని వంటిల్లు మన దేశంలో ఉంటుందా?

2020లో కరోనా వచ్చినప్పుడు చూశాం కదా! శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క, తులసి, పసుపు, అల్లం, వెల్లుల్లి... డబ్బాలో ఏది కనిపిస్తే అది గిన్నెలో పడింది. అన్నీ కలిపి ఒకే మంట మీద ఒకే అరగంట. ఆ గిన్నెలోకి దిగినవాటిలో కొన్ని నిప్పుని చూసి సంతోషించేవి, కొన్ని ఆవిరై కిటికీలోంచి పారిపోయేవి, కొన్ని అక్కడికక్కడే చచ్చిపోయేవి అని ఎంతమందికి తోచింది?

నేను రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. బి.ఏ.లో చరిత్ర చదివి, కథలు రాసుకునేదాన్ని. అయితే మొక్కలోని మందుకీ పొయ్యిలోని నిప్పుకీ మధ్య నడిచిన వ్యవహారం ఎన్నో ప్రాణాలతో ముడిపడ్డ పెద్ద చరిత్ర. అందులో ఓడలున్నాయి, యుద్ధాలున్నాయి, పిల్లల్ని వదిలి వెళ్ళిన తల్లి ఉంది. అంచేత ఆ కథ చెప్పడానికి నాకూ కాస్త హక్కుందనుకుంటాను.

ముందు ఓడల సంగతి. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకి స్కర్వీ అని ఒక జబ్బు వచ్చేది. చిగుళ్ళు వాచి, పళ్ళూడి, పాత పుళ్ళు మళ్ళీ తెరుచుకుని, చివరికి మనిషి పోయేవాడు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు పన్నెండుమంది రోగుల్ని ఇద్దరిద్దరి చొప్పున ఆరు జట్లు చేసి, ఒక్కొక్క జట్టుకి ఒక్కొక్క రకం మందిచ్చి చూశాడు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరూ వారం తిరక్కుండా లేచి తిరిగారు. ఇంకేం, మందు దొరికేసినట్టే కదా!

దొరికింది. కాని పళ్ళు ఓడలో కుళ్ళిపోతాయే! అంచేత లిండ్‌గారే ఒక ఉపాయం చెప్పాడు. రసం పిండి, మట్టి పాత్రలో పోసి, మరుగుతున్నంత వేడినీళ్ళ మధ్య గంటల తరబడి ఉంచి, పాకంలా చిక్కబరచమన్నాడు. సీసాకెత్తితే ఏళ్ళకేళ్ళు నిలవుంటుందన్నాడు. దాన్ని 'రాబ్' అన్నారు. పాకం నిలవుంది గాని, మందు నిలవలేదు. సి విటమినుకి వేడీ గాలీ కలిస్తే పడదు. గంటల తరబడి తెరిచిన పాత్రలో వేగిన రసంలో పులుపు ఉంటుంది, రంగుంటుంది, వాసన కూడా కాస్త ఉంటుంది. ఉండవలసిందే ఉండదు! ఆ పాకం తాగి గుణం కనిపించనివాళ్ళు నిమ్మకాయనే అనుమానించారు తప్ప నిప్పుని అనుమానించలేదు. లిండ్ పరీక్ష చేసిన నలభై ఎనిమిదేళ్ళకి, 1795లో గాని బ్రిటిషు నౌకాదళం నావికులకి నిమ్మరసం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఈ ఆలస్యానికి కారణాలు ఇంకా ఉన్నాయి గాని, పొయ్యి మీది పాకానికీ అందులో వాటా ఉంది. ఆ రసంలోని అసలు పదార్థం ఏమిటో 1930 దశకంలో తేలింది. అది తేల్చిన హంగేరీ శాస్త్రవేత్త సెంట్-గ్యోర్గీకి 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన దాన్ని విస్తారంగా తీసింది దేంట్లోంచో తెలుసా? మిరపకాయల్లోంచి!

నిమ్మకాయ పులిహోరలో రసం ఎప్పుడు పిండుతాం? పోపు దించాక. మరిగితే చేదెక్కుతుందని మన పెద్దవాళ్ళు రుచి కోసం పెట్టిన కట్టుబాటు అది. నాలుకే వాళ్ళకి ప్రయోగశాల.

ఇక జ్వరం కథకి వద్దాం. మలేరియా అంటే మనకి పరాయి జబ్బేమీ కాదు. మన్యం జ్వరం, చలిజ్వరం అంటూ మన పెద్దవాళ్ళు భయపడింది దీనికే. ఆ జబ్బు దోమలోంచి వస్తుందన్న రుజువు దొరికింది కూడా మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూసి, అందులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. జబ్బు దారి తెలిసింది సరే, మందు?

మందు అప్పటికే ఉంది. దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే చింకోనా చెట్టు బెరడు. 17వ శతాబ్దంలో క్రైస్తవ మతగురువులు దాన్ని యూరపుకి తెచ్చారు. 1820లో పారిస్‌లో పెల్లెతియే, కవాంతూ అనే ఇద్దరు అందులోంచి క్వినైన్‌ని వేరుచేశారు. 1860లో మన నీలగిరుల్లో చింకోనా తోటలు మొదలయ్యాయి. 1892 నుంచి బెంగాలులో పోస్టాఫీసుల్లోనే క్వినైన్ పొట్లాలు అమ్మారు. ఉత్తరాలిచ్చే కిటికీలోంచే మందు కూడా!

ఈ క్వినైన్ నిప్పుకి భయపడే రకం కాదు. ఆమ్లం కలిపిన నీళ్ళలో బెరడుని ఎంతసేపు మరిగించినా చెక్కుచెదరకుండా దిగుతుంది. అంటే మన కషాయం పద్ధతికి అచ్చంగా సరిపోయే మందన్నమాట. ఇలాంటివాటిని చూసే మనిషికి 'మరిగిస్తే మందు దిగుతుంది' అన్న ధీమా కుదిరింది. ఒకచోట నిజమైన మాటని అన్నిచోట్లా నిజమనుకోవడం మన అందరికీ అలవాటే కదా.

క్వినైన్ తరవాత ఫాక్టరీలో తయారైన క్లోరోక్విన్ వచ్చింది. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా పనిచేసింది. కాని 1950 దశకం చివరికొచ్చేసరికి ఆగ్నేయాసియాలో పరాన్నజీవి ఆ మందుకి లొంగడం మానేసింది. అంతలో వియత్నాం యుద్ధం ముదిరింది. అడవుల్లో తుపాకీ గుళ్ళతో పాటు మలేరియా కూడా సైనికుల్ని కూల్చసాగింది. ఉత్తర వియత్నాం చైనాని సాయమడిగింది. 1967 మే 23న చైనా ప్రభుత్వం ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. ఆ తేదీనిబట్టే దానికి '523' అని పేరు పెట్టారు.

1969 జనవరిలో ఆ పనిలో ఒక బృందానికి పెద్దగా ఒక స్త్రీని నియమించారు. ఆమె పేరు తు యూయూ. మనలాగే చైనావాళ్ళకీ ఇంటిపేరే ముందు. 1930లో నింగ్‌బో అనే ఊళ్ళో పుట్టింది. పదహారో ఏట క్షయ వచ్చి రెండేళ్ళు చదువు మానుకుంది. కోలుకున్నాక మందుల చదువే చదవాలనుకుంది. బీజింగ్‌లో ఫార్మసీ చదివి, తరవాత రెండున్నరేళ్ళు చైనా పాత వైద్యం కూడా నేర్చుకుంది. ఆమె పేరులో ఒక ముచ్చటుంది. 'యూయూ' అనేది జింకల అరుపు. చైనావాళ్ళ ప్రాచీన పాటల సంకలనంలోంచి వాళ్ళ నాన్న ఏరి పెట్టాడు. ఆ పాటలోనే జింకలు మేసే మొక్కల్లో 'హావ్' అనేది ఒకటుంది. ఆ మొక్క పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అప్పటికామెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి నాలుగేళ్ళు, చిన్నది ఇంకా చంటిది. సాంస్కృతిక విప్లవం రోజులవి. చదువుకున్నవాళ్ళని పల్లెలకి తోలేస్తున్న కాలం. ఇంజనీరైన భర్తని కూడా అలాగే పంపేశారు. జ్వరాలు ఎక్కువగా ఉన్న హైనాన్ ద్వీపానికి వెళ్ళి రోగుల్ని చూడమన్నారు ఆమెని. పెద్దదాన్ని శిశువిహారంలో ఉంచింది. చిన్నదాన్ని నింగ్‌బోలో తాతా అమ్మమ్మల దగ్గర దింపింది. తిరిగొచ్చేసరికి పిల్ల తల్లిని గుర్తుపట్టలేదు. దేశం ముందు ఇల్లెంత అని ఆ రోజుల్లో ఆమె సరిపెట్టుకుంది. చదివేవాళ్ళం మాత్రం అంత తేలిగ్గా సరిపెట్టుకోలేం.

ఆ బృందం పాత వైద్యగ్రంథాలు తిరగేసింది, ముసలి వైద్యుల్ని అడిగింది, జనం రాసి పంపిన చిట్కాలు పోగుచేసింది. రెండువేల పైచిలుకు యోగాలు వచ్చాయి. వాటిలోంచి 640 ఏరి చిన్న పుస్తకం వేశారు. మిరియాలు కూడా పరీక్షించారు! ఎలుకల్లో ఆశపెట్టి మనుషుల దగ్గరకొచ్చేసరికి మొహం చాటేశాయి. అలా సుమారు రెండువందల మూలికల్లోంచి 380 పైగా సారాలు తీసి చూశారు. వాటిలో 'చింగ్‌హావ్' అనే మొక్క సారం ఒకసారి 68 శాతం పరాన్నజీవుల్ని అణిచింది. ఆహా అనుకునేలోపల, మళ్ళీ చేస్తే 40 శాతం. ఇంకోసారి 12 శాతం. అదే మొక్క, అదే మనుషులు, అదే ప్రయోగం!

ఒకరోజు బ్రహ్మాండంగా కుదిరిన మైసూరుపాకు మర్నాడు అవే కొలతలతో రాయిలా వస్తే మనం ఏం చేస్తాం? కొలతల్ని కాదు, మంటని అనుమానిస్తాం. ఆమె కూడా సరిగ్గా అక్కడికే వచ్చింది. మళ్ళీ పాత పుస్తకాల ముందు కూర్చుంది.

నాలుగో శతాబ్దంలో గే హోంగ్ అనే ఆయన ఒక వైద్యపుస్తకం రాశాడు. అత్తరువుగా మోచేతి వెనక, అంటే అంగీ చేతిలో పెట్టుకు తిరగదగినంత పుస్తకమని దాని పేరుకి అర్థం. ఖరీదైన మందులు కొనలేని పల్లెవాళ్ళ కోసం, చేతికందే మొక్కలతో చేసుకునేవి ఏరి రాశాడు. చలిజ్వరానికి ఆయన చెప్పింది రెండు ముక్కలే. చింగ్‌హావ్ ఒక గుప్పెడు తీసుకుని నీళ్ళలో నానబెట్టమన్నాడు, పిండి ఆ రసమంతా తాగమన్నాడు. అంతే.

అంతకుముందు ఎంతమంది చదవలేదు ఆ మాటలు? అందరికీ మొక్క పేరే కనిపించింది. తు యూయూకి మాత్రం అందులో లేని మాట కనిపించింది. మరిగించమని ఎక్కడుంది? లేదు! చైనా వైద్యంలో మందంటే మరిగించడమే ఆనవాయితీ. అలాంటి దేశంలో ఒక వైద్యుడు పని గట్టుకుని 'నానబెట్టు, పిండు' అన్నాడంటే ఊరికే అని ఉండడు. కొంపదీసి మనమే నిప్పుతో మందుని చంపేస్తున్నామా?

అంతే, పద్ధతి మార్చేసింది. ఈథర్ అనే ద్రవం 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అంటే దాదాపు మన ఒంటి వేడి. ఆ గోరువెచ్చని ఈథర్లోకి ఆకు సారాన్ని దింపి, అందులో చెరుపు చేసే భాగాన్ని తీసేసింది. 1971 అక్టోబరు 4న పరీక్షించిన 191వ నంబరు సారం ఎలుకల్లో పరాన్నజీవుల్ని నూటికి నూరుపాళ్ళూ తుడిచేసింది. తరవాత కోతుల్లోనూ అంతే. 1972 మార్చి 8న నాన్‌జింగ్‌లో జరిగిన సమావేశంలో ఆమె ఈ సంగతి చెప్పింది. మార్చి 8 మహిళా దినోత్సవం కావడం కాకతాళీయమే గాని, నాకు మాత్రం ముచ్చటగా ఉంది.

ఆ రోజుల్లో ఫాక్టరీలు మూతబడి ఉన్నాయి. మనుషుల మీద పరీక్షకి కావలసినంత సారం తీయాలంటే సామాను లేదు. ఇళ్ళలో నీళ్ళు పట్టుకునే పెద్ద పెద్ద తొట్లు తెచ్చి వాటిల్లోనే ఈథర్ పోసి ఆకు నానబెట్టారు. గాలాడని గదులు. ఆ ఆవిర్లు పీల్చి మనుషులు జబ్బుపడ్డారు. ఆమెకి కాలేయం చెడింది. జంతువుల మీద పరీక్షల్లో ఏదో సందేహం వస్తే, రోగులకి ఇవ్వడం ఆలస్యమై ఆ ఏటి జ్వరాల రుతువు దాటిపోతుందని, 1972 జులైలో ఆమే మరో ఇద్దరితో కలిసి ఆస్పత్రిలో చేరి ముందుగా తనే మందు మింగింది. వండిన ఇల్లాలు ముందు తను రుచి చూసినట్టు! అయితే ఇక్కడ పణం ప్రాణం. ఏమీ కాలేదని తేలాక హైనాన్‌లో 21 మంది రోగులకిచ్చారు. జ్వరం దిగింది. ఆ ఏడు నవంబరులో అసలు పదార్థం తెల్లని స్ఫటికాలుగా చేతికొచ్చింది. దాని పేరు చింగ్‌హావ్‌సు. బయటి ప్రపంచం దాన్ని ఆర్టెమిసినిన్ అంటుంది.

ఇంతకీ ఆ పదార్థంలో ఏముంది? రెండు ఆక్సిజన్ పరమాణువులు పక్కపక్కన చెయ్యీ చెయ్యీ పట్టుకుని వంతెనలా ఉంటాయి. అది బహు సున్నితమైన వంతెన. పరాన్నజీవి మన రక్తాన్ని మేసినప్పుడు అందులోంచి ఇనుము వెలువడుతుంది. ఇనుము తగలగానే ఆ వంతెన తెగి, తెగిన ముక్కలు పరాన్నజీవిని చంపుతాయి. అంటే తెగడంలోనే దాని శక్తంతా ఉంది. తెగవలసింది రోగి రక్తంలో. గిన్నెలోనే తెగితే మందెక్కడిది?

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. తరవాత తేలిందేమిటంటే నేరమంతా నిప్పుది కాదు, నీళ్ళకీ వాటా ఉంది. ఆర్టెమిసినిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు. శుద్ధి చేసిన పొడి స్ఫటికమైతే 156 డిగ్రీల దాకా కరగకుండా నిలబడుతుంది కూడా. ఆకులోని నానా రసాలతో కలిసి నీళ్ళలో మరిగేటప్పుడు దానికి ఆ ధీమా లేదు. పచ్చి ఆకుని నానబెట్టి గట్టిగా పిండితే ఆకులోని నూనెల్లాంటివి కూడా రసంలోకి దిగుతాయి, వాటితో పాటు మందూ దిగుతుంది. కారణాలన్నీ గే హోంగ్‌కి తెలియవు. తెలియకపోయినా తీరు మాత్రం సరిగ్గా రాసిపెట్టాడు.

ఆ తరవాతి కథ మనకి తెలిసిన లోకరీతే. 1977లో ఈ పరిశోధన అచ్చయితే అందులో ఎవరి పేరూ లేదు. అది అందరి పని, ఒక్కరి గొప్ప కాదన్నది అప్పటి అక్కడి పద్ధతి. నిజంగానే ఎందరో పనిచేశారు. కాని తొలి అడుగు ఎవరిదో బయటి ప్రపంచానికి దశాబ్దాలపాటు తెలియలేదు. 2015లో ఆమెకి నోబెల్ బహుమతిలో సగం వాటా వచ్చింది. అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. డాక్టరేటు లేదు, విదేశాల్లో చదువు లేదు, చైనా సైన్సు అకాడమీలో సభ్యత్వం లేదు. ఆ మందు లక్షలాది ప్రాణాలు కాపాడింది.

ఈ చింగ్‌హావ్ మనకి పూర్తిగా పరాయిదేమీ కాదు. మన దవనం లేదూ, జడలో మల్లెల మధ్య పెట్టుకునేది! అది దీనికి పినతల్లి కూతురు లాంటిది. రెండూ ఒకే జాతి. కాని బంధుత్వం ఉన్నంత మాత్రాన గుణం ఉండదు సుమండీ. దవనం పిండుకు తాగితే మలేరియా పోదు. అసలు చింగ్‌హావ్ ఆకు టీ కాచి తాగే పద్ధతిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోలేదు. ఆకుకీ ఆకుకీ మందు మోతాదు మారిపోతుంది కనక. చలిజ్వరమొస్తే రక్తపరీక్ష, డాక్టరు, మాత్రలు. అందులో మాత్రం మొహమాటం వద్దు.

అయితే పొయ్యిని ఇక దుష్టపాత్ర చేసేద్దామా? ఆగండి. దాని పక్షాన కూడా సాక్ష్యముంది. వత్సనాభి అని ఒక దుంప ఉంది. నాభి అంటారు. పచ్చిగా కాస్త లోపలికి పోతే గుండె లయ తప్పించి చంపే విషం. అలాంటిదాన్ని చైనా వైద్యులూ, మన ఆయుర్వేదం వాళ్ళూ కూడా మందులో వాడారు. ఎలాగ? మన వాళ్ళు గోమూత్రంలో రోజుల తరబడి నానబెట్టో, పాలల్లో ఉడికించో శుద్ధి చేశారు. చైనావాళ్ళు గంటల కొద్దీ మరిగించారు. నీళ్ళలో అంతసేపు మరిగేసరికి ఆ విషంలోని ఒక ముడి ఊడిపోయి, దాని క్రూరత్వం వందల రెట్లు తగ్గుతుంది. చైనాలో ఇదే దుంపని మరిగించకుండా సారాలో నానబెట్టుకు తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అక్కడ నానబెట్టడం మందు, ఇక్కడ నానబెట్టడం మృత్యువు. శుద్ధి చేసిందయినా సరే, ఇది వంటింట్లో చేసుకునే వైద్యం కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

చూశారా, 'నిప్పు మంచిదా చెడ్డదా' అన్న ప్రశ్నే తప్పు. ఏ మొక్కతో, ఎంతసేపు, మూత పెట్టా తీసా అన్నదే ప్రశ్న.

మన వంటింట్లోనే చూడండి. అల్లంలోని ఘాటు పదార్థం ఎండేటప్పుడూ వేడెక్కేటప్పుడూ తనలోని కాస్త నీటిని వదులుకుని ఇంకో పదార్థమవుతుంది. దానికి శాస్త్రవేత్తలు జపాను భాషలో అల్లం పేరునిబట్టి షోగోల్ అని పేరు పెట్టారు. అది పచ్చి అల్లం ఘాటు కంటే ఎక్కువ ఘాటు. శొంఠి అల్లాన్ని మించి మంటెక్కడానికి కారణం ఇదే. ఇక వెల్లుల్లి. దంచితే గాని అందులో మందు పుట్టదు. రెబ్బలో రెండు వస్తువులు వేర్వేరు గదుల్లో ఉంటాయి. దంచగానే గోడ పడిపోయి రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేదాన్ని 1944లో అమెరికాలో వేరుచేసి అల్లిసిన్ అన్నారు. రెబ్బని దంచకుండా మరుగుతున్న చారులో పడేస్తే ఆ కలిపేవాడే వేడికి చచ్చిపోతాడు. పెళ్ళి జరగదు. రుచి ఉంటుంది గాని, అల్లిసిన్ ఉండదు. వాము సంగతి మరీ చిత్రం. దాని గుణమంతా ఆవిరిలో ఎగిరే నూనెలో ఉంది. మూత లేకుండా మరిగిస్తే వీధి చివరిదాకా ఘుమఘుమ. మందు వీధికి, నీళ్ళు మనకి! అందుకే వాము అర్కు చేసేవాళ్ళు ఆ ఆవిరినే గొట్టంలోంచి పట్టి చల్లార్చారు.

ఇదంతా మనవాళ్ళకి తెలియదనుకోకండి. చరకసంహితలోనే మందు తీసే తీరులు అయిదు చెప్పారు. పచ్చిది దంచి పిండితే స్వరసం. నూరి ముద్ద చేస్తే కల్కం. మరిగిస్తే క్వాథం, మన కషాయం. రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి పొద్దున్న వడకడితే హిమం. మరిగిన నీళ్ళు పోసి కాసేపుంచి వడకడితే ఫాంటం. శార్ఙ్గధరుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధ్యాయమే కేటాయించాడు. వేసవిలో ధనియాలు రాత్రి నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్ళు తాగుతామే, అది ఆయన చెప్పిన హిమమే. పొద్దున్నే ఫిల్టర్లో కాఫీపొడి మీద వేడినీళ్ళు పోసి, చుక్కచుక్కగా దిగే డికాక్షన్ కోసం ఎదురుచూస్తామే, అది సాక్షాత్తూ ఫాంటం. ఆ పొడిని పొయ్యి మీద అరగంట మరిగించమని ఎవరైనా అంటే ఊరుకుంటామా? కాఫీ దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండేవాళ్ళం మందు దగ్గరకొచ్చేసరికి అయిదు తీరుల్నీ ఒక్క కషాయంలో కలిపేశాం.

ఎందుకిలా జరిగింది? నాకు తోచింది చెబుతాను. ఒక తరంనుంచి ఇంకో తరానికి మందు చేరేటప్పుడు పేరు బాగా చేరుతుంది. తీరు దారిలో జారిపోతుంది. వ్యాకరణం భాషలో చెప్పాలంటే నామవాచకాలు మిగులుతాయి, క్రియలు పోతాయి. 'దగ్గుకి తులసి' అని అందరికీ గుర్తే. నమలాలా, నూరాలా, కాచాలా, మూత పెట్టాలా అన్నది ఎవరికీ గుర్తుండదు. గే హోంగ్ మందు అక్షరాలా పుస్తకంలోనే ఉన్నా పదహారు వందల ఏళ్ళు చేతికి దొరకకపోవడానికి కారణం అదే. అందరూ నామవాచకం చదివారు. క్రియని చదివింది ఆవిడ.

నిజానికి క్రియల విషయంలో తెలుగు ఇల్లాలికున్నంత ఆస్తి ఇంకెవరికుంది చెప్పండి? కాచడం వేరు, కాగబెట్టడం వేరు. పొంగించడం, మరిగించడం, ఇగిర్చడం, మగ్గించడం, ఉడికించడం, వేయించడం, దోరగా వేయించడం, మాడ్చడం... నిప్పుకే ఇన్ని మాటలున్నాయి. నిప్పు లేనివాటికి నానబెట్టడం, దంచడం, నూరడం, రుబ్బడం, పిండడం, ఊరబెట్టడం, ఎండబెట్టడం. ఒక్కొక్క మాట వెనకా ఒక్కొక్క కొలత ఉంది. 'మగ్గనీ' అంటే మూత పెట్టి సన్నసెగ మీద అని కోడలికి విడమరచి చెప్పక్కర్లేదు. ఈ మాటలు మన నోట్లో ఉన్నంతకాలం ఆ జ్ఞానం మన చేతుల్లో ఉంటుంది. అన్నిటికీ 'బాయిల్ చెయ్యి' అనే రోజొస్తే, ఇందులో చాలా భాగం మాటతోపాటే పోతుంది.

అంచేత పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడిగి పెట్టుకోండి. 'ఏం వెయ్యాలి' అని మాత్రమే అడిగి ఊరుకోకండి. 'ఎలా చెయ్యాలి, ఎంతసేపు, మూత పెట్టా, చన్నీళ్ళా, వేణ్ణీళ్ళా' అని అడగండి. వాళ్ళు చెప్పిందంతా శాస్త్రం ముందు నిలుస్తుందని నేననను. కొంత నిలుస్తుంది, కొంత ఎగిరిపోతుంది. తేల్చడానికి ప్రయోగశాలలున్నాయి. కాని తేల్చడానికైనా ముందు అది ఎవరో ఒకరు సరిగ్గా రాసి ఉండాలి కదా. అమ్మాయికి చిట్కాల పుస్తకం రాసి ఇచ్చేటప్పుడు సరుకుల జాబితా కింద కాస్త చోటు వదిలి, చేసే తీరు కూడా ఓపిగ్గా రాయండి. మీ చేతిరాత బాగులేకపోయినా పరవాలేదు.